ఏ చెయ్యి కొడ్తున్నట్టు?

జనవరి 6, 1992. సూర్యాపేట

ఇయ్యాల టెన్నిస్‌ల బ్యాక్‌హ్యాండ్ అన్నీ నెట్టుకే. సత్యవతి మేడం, మా కాలేజీ పీఈటీ, పొద్దుగాల నుంచి ఒకటే చెప్పుడు. రెండు చేతులతోని కొట్టినా కొట్టేది కుడిచెయ్యేనంట, పైన పట్టిన ఎడమచెయ్యి ఊకె తోడంట. ఎడమ మోచెయ్యి పక్కకు ఆనించి పెట్టమన్నది. పెట్టిన. రెక్క విరిగిన కోడి లెక్క ఉన్న.

జనవరి 9

మళ్ల నెట్.

జనవరి 18, సాయంత్రం 6

నా రూమ్మేట్ చంద్రకళది కోదాడ. నాతోని టెన్నిస్ ఆడేది అదొక్కతే. అది మొత్తం రివర్స్ చెప్పింది. ఎడమచెయ్యే కొట్టాలంట, కుడిది కింద మెత్తగ పట్టుకోవాలంట. ఎడమ మోచెయ్యి ఒంటికి దూరం జరపమన్నది.

మేడం చాయ్‌కి పోయినప్పుడు అట్లనే కొట్టిన. బాల్ లైన్ మీద పడి పోయి గోడకు తగిలింది. నాకే భయమైంది. నా ఫోర్‌హ్యాండ్ ఎన్నడూ గంత జోరుగ పోలే. గింత బలం ఏడికెల్లి వచ్చింది?

మేడం రాంగనే మోచెయ్యి మళ్ల దగ్గరికి తెచ్చిన. ఎవరి మాట వినాలె? పిచ్చి లేస్తున్నది.

జనవరి 27. ఇంటికాడ, గరిడేపల్లి దగ్గర మా ఊరు

నాయిన గొర్లను తోలుకొచ్చినంక చెప్పిండు. వచ్చే నెల కోదాడ సెలక్షన్స్‌ల జిల్లా టీమ్‌కు రాకపోతే ఆట ఖతం. ఆయనతోని వాదించేది ఉండదు.

నా ఎడమచేతికి గింత బలమేంది అని అమ్మను అడిగిన. రొట్టె చేస్తున్నదల్లా ఆగింది. చిన్నప్పుడు అన్నం ఎడమచేత్తోనే తినేదాన్నట. ఒకసారి మా కులదేవుడు బీరప్ప పండుగల పసుపు బండారి గూడ ఆ చేత్తోనే తీసి అందరికీ బొట్టు పెట్టిననట. పెద్దమనుషులు గుడి ముంగట నాయినను నానా మాటలు అన్నరట. ఆ దినం నుంచి అమ్మ నా ఎడమచెయ్యిని ఉన్నితాడుతోని నడుముకు కట్టేసిందట, కుడిచేత్తో తినుడు అలవాటయ్యేదాకా.

నాకు ఒక్క ముక్క యాదికి లేదు. కోపమొస్తున్నది. ఎవరి మీదనో తెలుస్తలేదు.

ఫిబ్రవరి 9. కోదాడ

ఓడిపోయిన, చంద్రకళ చేతిలనే. సర్వీస్ అంత బయటికే. గానీ బ్యాక్‌హ్యాండ్ ఒక్కటి గూడ తప్పలే. ఎడమ మోచెయ్యి వదిలేసిన, దాని పని అది చేసుకపోయింది. ఒకసారి కుడిచెయ్యి జారితే వట్టి ఎడమతోనే కొట్టిన. పాయింట్ వచ్చింది.

సెలక్టర్ మిర్యాలగూడ సారు. దగ్గరికి పిలిచి, ఎడమచేతి ప్లేయర్‌వి కుడిచేత్తో ఎందుకు ఆడుతున్నవ్ అని అడిగిండు. ఎడమచేత్తో మొదటికెల్లి నేర్చుకుంటనంటే మిర్యాలగూడల ఆయన క్యాంపుకు తీసుకుంటడట. టీమ్‌ల మాత్రం పేరు లేదు. మేడం మొఖం మాడ్చుకున్నది. గెలిచిన చంద్రకళ నా కోసం ఏడ్చింది.

నేను సంతోషపడాల్నా, ఏడ్వాల్నా? ఇన్నేండ్ల ఫోర్‌హ్యాండ్ ఏం కావాలె?

ఫిబ్రవరి 11. ఇంటికాడ

టీమ్‌ల పేరు లేదు గదా అన్నడు నాయిన. క్యాంపు ముచ్చట చెప్పిన. ఎడమచెయ్యి అనంగనే లేచి గొర్ల దొడ్డికి పోయిండు. అమ్మ నా ఎడమచెయ్యి దిక్కే చూసుకుంట కూసున్నది.

మార్చి 1

బీరప్ప పండుగ. గుడి ముంగట అందరు సూస్తుంటే అమ్మ నా ఎడమచెయ్యి పట్టుకొని బండారి దాంట్లనే పోసింది. నాయిన వచ్చి బొట్టు కోసం నా ముంగట తల వంచిండు.

ఎడమచేత్తోనే బొట్టు పెట్టిన. బండారి ఒలకకుండ కుడిచెయ్యి కింద పట్టిన, ఊకె తోడుగ.