పేరు పెట్టి పిలిచాను

గురువారం, పెడన

ఆయన పోయి మూడు నెలలైంది. ఆయన గీసిన కలంకారీ అచ్చుల బొమ్మలన్నీ తన గదిలో, కంప్యూటర్‌కి తగిలించిన ఆ నల్ల పెట్టెలోనే దాచారు. కంప్యూటర్‌లో దాన్ని తెరవబోతే, ఇది నమ్మదగింది కాదు, మీవి ఎవరైనా కాజేయవచ్చు అని ఎర్రగా వస్తోంది. నెల నుంచీ నాకు అదే దిగులు.

ఈ మధ్యాహ్నం కోడలు సునీత సరిచేసింది. "ఈ పెట్టె మనదే, నమ్మొచ్చు అని కంప్యూటర్‌కి చెప్పే సర్టిఫికెట్ కొత్తది చేశానత్తయ్యా. పెట్టెకి మావయ్యగారు తన పేరే పెట్టుకున్నారుగా, దాని మీదే చేశాను. ఇకమీదట ఇదివరకటిలా పెట్టె నంబరు కాదు, ఆ పేరు కొట్టి తెరవాలి."

"ఆయన పేరు నేనెత్తుతానటే? నలభై ఏళ్లలో ఎత్తలేదు."

"నోటితో కాదుగా, వేలితోనే. పిలవండి, పలుకుతారు," అని నవ్వుతూ వంటింట్లోకి వెళ్లింది.

ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. ఎర్రది రాలేదు, చిన్న తాళం బొమ్మ వచ్చింది. అంతలో పెట్టె లోపల గరగరమంది, మాట్లాడే ముందు ఆయన గొంతు సవరించుకున్నట్టే. బొమ్మలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

రోజూ పడుకునే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ నేనే ఆపుతాను. ఈ పూట ఆ పెట్టె స్విచ్ ఒక్కదాని మీదికి చెయ్యి వెళ్లలేదు. పిలిచింది నేనే. ఇప్పుడు పొమ్మని ఎలా అనను? ఆ గది తలుపు వేసే ఉంది. గరగర మాత్రం ఇక్కడిదాకా వినిపిస్తూనే ఉంది.