గోలకొండ వంక

మార్కాపురం, 1957, మంగళవారం రాత్రి

కొత్త రాజధాని హైదరాబాదు చూసొద్దామని నాయనకు చెప్పాను. చార్మినారు, గోలకొండ, చుట్టుపక్కల చెరువులు, మొత్తం నాలుగు రోజులు. ఊపిరితిత్తుల ఆసుపత్రికి మన డాక్టరు రాసిచ్చిన చీటీ సంగతి మాత్రం దాచాను. అది నా జేబులోనే ఉంది.

అన్నం తిన్నాక నాయన దగ్గి దగ్గి గోడకు ఆనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా పలకరాళ్లు చీల్చిన మనిషి. రాయిని వేలి కణుపుతో కొట్టి, మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు. ఇవాళ అదే కణుపుతో తన ఛాతీ మీద కొట్టుకుని, తల వంచి విన్నాడు.

"గోలకొండ ఏడికీ పోదులే అబ్బయ్యా. ముందు నన్ను ఆసుపత్రిలో చూపించు," అన్నాడు.

ఏం వినిపించిందని అడగలేకపోయాను. రాళ్ల విషయంలో ఆయన ఎన్నడూ తప్పు చెప్పలేదు.