నా పుదీనా నూనె

శాన్ ఎస్తానిస్లావ్,
జూన్ 14.

ఎర్మెలిందా అక్కకు,

చేతులు జోడించి దీవెన అడిగాకే పెద్దలతో మాట మొదలుపెట్టాలని అమ్మ నేర్పింది కనుక అడుగుతున్నాను. మనసొప్పి కాదు. నీ కూతురికి సుఖప్రసవమైందని, మగపిల్లాడని తెలిసింది. తల్లీబిడ్డలు చల్లగా ఉండాలి. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

పురిటికని నువ్వు బస్సెక్కిన సాయంత్రానికే నేను రాజధాని నుంచి ఇల్లు చేరాను. అమ్మకు చూపు పోయిందని తెలుసు, మతి ఇంతగా తప్పిందని తెలియదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే లాగేసుకుంది. "ఎవరమ్మా నువ్వు? మా దెయోలింద ఇప్పుడే బయటికెళ్లింది, వచ్చేస్తుంది, కూర్చో" అంది. దెయోలిందను నేనేనంటే నవ్వింది. "పో, సబ్బు కంపు కొడుతూ మా పిల్లనంటావేంటి? దాని పుదీనా వాసన నాకు తెలీదా" అంది. అప్పట్నుంచి నా చేతి ముద్ద ముట్టడం లేదు.

ఎదురింటి ఉర్సులా కర్రపెండలం రొట్టె ఇవ్వడానికి వచ్చి, కడుపులో దాచుకోలేక కక్కేసింది. రెండేళ్లుగా నా నూనె నువ్వు రాసుకుంటున్నావట. అమ్మ నా పేరుతో పిలిస్తే పలుకుతున్నావట. కారణమేదో చెప్పబోయింది గానీ నేనే వినిపించుకోలేదు.

మన నూనె బట్టీలో ఎన్ని రకాల ఆకులు మరిగినా ఇంట్లో ఎవరి నూనె వాళ్లదే. అమ్మే పంచింది. నిద్ర పట్టని నీకు దిండు మీదకి నారింజాకు నూనె, తలనొప్పుల నాకు కణతలకు పుదీనా. కొబ్బరినూనెలో రెండు చుక్కలు కలిపి చెవి వెనక రాసి గానీ బడికి పంపేది కాదు. చిన్నప్పుడు నీ సీసా ముట్టుకున్నానని నా చెవి మెలిపెట్టింది నువ్వే. నా పెళ్లి గౌను అడిగినా ఇచ్చేదాన్ని కదే.

పైగా "అమ్మ నిన్ను అడగడం లేదు, పని మానుకుని పరిగెత్తి రావద్దు" అని రాశావు. ఎందుకడుగుతుంది? ఆవిడ లెక్కలో నేను ఇంట్లోనే ఉన్నానాయె. అమ్మ నన్ను మరిచిపోయిందనుకుని, రాజధానిలో నేను వంట చేసే దొరసాని వంటింట్లో ఎంత ఏడ్చానో నీకేం తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తోడబుట్టినదానివి, నువ్వే ఇంత మోసం చేస్తావనుకోలేదు.

నువ్వు తిరిగొచ్చిన రోజే నేను బయలుదేరతాను. మన మధ్య ఇక మాటల్లేవు.

చెల్లెలు,
దెయోలింద

తా.క. ఉత్తరం అంటించబోతూ ఆగాను. ఈ పూట కూడా అమ్మ జావ గిన్నె నెట్టేసింది. పుదీనా సీసా నువ్వే ఖాళీ చేశావు. గూట్లో నీ నారింజాకు నూనె ఉంది, మూత మీద దుమ్ము పేరుకుని. గతిలేక అదే చెవుల వెనక రాసుకుని వెళ్లాను. అమ్మ తలెత్తింది. నా ముఖమంతా తడిమి, "ఎర్మెలిందా, ఇన్నాళ్లూ నన్నొదిలి ఎక్కడికెళ్లిపోయావే తల్లీ" అని ఏడ్చింది.

"వచ్చేశానమ్మా" అన్నాను. అనకపోతే తినదక్కా.