చివరి కోత గింజలు

శుక్రవారం రాత్రి, జనవరి 2003

సాయంత్రం అమ్మవారి ముందు దీపం వెలిగిస్తూ, తోడికోడలు కమల మిరపచేను కూడా ఎండిపోతే బాగుండునని కోరుకున్నాను. ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేక కలం పట్టాను.

గట్టుకి ఇటు మా చేను సగం ఎండు తెగులుకి పోయింది. అటు ఆమెది పచ్చగా నిలబడింది. నిరుడు ఇద్దరం వేసింది ఒకే విత్తనం. అత్తయ్యగారు నేర్పినట్టే నేను మొదటి కోతలో పొడుగు కాయలు ఏరి, పసుపు రాసి విత్తనానికి దాచాను. అప్పటికింకా తెగులే రాలేదు. కమల మాత్రం తెగులు వచ్చిపోయాక, బతికిన కాసిని మొక్కల నుంచి చివరి కోత కాయలు తీసింది. "ఆ గిడసబారిన కాయలా విత్తనానికి?" అని నవ్వాను.

బ్రాడీపేటలో డిగ్రీ చదివే కమల కూతురు ఇవాళ గట్టు మీద చెప్పింది. "అన్ని మొక్కలూ ఒకటి కావు పెద్దమ్మా. తెగులుని తట్టుకునే గుణం కొన్నిటికే పుట్టుకతో ఉంటుంది. అవే బతికి గింజ పెడితే, ఏటేటా చేలో వాటి సంతానమే పెరుగుతుంది."

"నీకూ గింజలు తీసి పెడతాలే అక్కా," అంది కమల. పొగరుగా అని ఉంటే కోపమైనా వచ్చేది.

"మాకున్నాయిలేమ్మా," అన్నాను మెల్లగా.

ఉన్నవి మళ్లీ మొదటి కోతవే. వచ్చే ఏడు కూడా చేను పోతే ఈయనకి ఏం చెప్పను? పొద్దున్నే వెళ్లి అడగాలి. అప్పుడు కమల నవ్వకపోతే నాకు ఇంకా కష్టం.

ఈ కాగితం అమ్మవారి పటం వెనక ఉండనీ. ఆ తల్లికి ఎలాగూ తెలుసు. ఇంకెవరి కంటా పడకూడదు.