స్విచ్చి కింద ఒంటి చెప్పు

వసంతా, నువ్వు తానానికి పోయినవని పిలువలే. బస్సు టైమైంది, మల్దకల్ గుడికి పోతున్న. మోటర్ నడుస్తున్నది, ట్యాంకు నిండంగనే బంద్ చెయ్యి. స్విచ్చి కింద నా చెప్పు ఒకటి ఉంది. బంద్ చేసినంకనే దాన్ని రెండోదాని పక్కన పెట్టు. మోటర్ ఏసినప్పుడల్లా నేను గట్లనే పెడ్త. బయటికి పోదామంటే ఒకటే చెప్పు కనబడ్తది, మోటర్ యాదికొస్తది. మొన్న నువ్వు ఊడ్చుకుంట రెండూ జత చేసినవ్, నీళ్లు వాకిలంత పారినయ్. అత్తకు మతిమరుపు ముదిరింది, ఒక్కదాన్ని యాడికీ పంపొద్దని నా కొడుకుకు చెప్పినవ్.

రొట్టెలు గంపల ఉన్నయ్, వేడి మీద తిను.

నీ చెప్పులు ఎతకకు. నేనే ఏసుకుపోయిన, మరిచిపోయి కాదు. నాదొకటి డ్యూటీల ఉంది.