పుష్ప అడిగిన మాట

సంగారెడ్డి,
19 ఆగస్టు 2025, మంగళవారం

ప్రియమైన పుష్పకు ఎల్సీ మేడం ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం రివాజు. మీ ఆయన యాదన్న ఆసుపత్రి నుంచి భానూర్‌కు, ఇంటికి వచ్చాడని విన్నాకే ఆ మాట రాసే ధైర్యం వచ్చింది. నువ్వు నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం.

ఆ రోజు వార్డు బయట నన్ను నిలబెట్టి, రెండేండ్లు మీ దగ్గర సంస్కృతం చదివిన, తొంభై ఎనిమిది మార్కులొచ్చినయి, విశ్వాసం అంటే ఏందో మాత్రం మీరు చెప్పలే మేడం, అన్నావు. మా ఆయన ట్యాంకుల ఊపిరాడక కొట్టుకుంటుంటే మీ తమ్ముడు చాయ్ తాగనీకి పోయిండా, అని కూడా అన్నావు. రెండోదానికి జవాబు చివర రాస్తాను.

మార్కుల సంగతి నిజమే. ఇంటర్‌లో సంస్కృతం తీసుకునేదే మార్కుల కోసం. పన్నెండు ప్రశ్నలిచ్చి బట్టీ పట్టించాను. ధాతువు అంటే ఏమిటో ఏనాడూ చెప్పలేదు. మాటను ఒలుస్తూ పోతే చివర మిగిలే గింజ అది. విశ్వాసంలో మిగిలేది శ్వస్. పాత ధాతువుల పట్టికలో దానికెదురుగా ఒక్క మాటే ఉంది, ప్రాణనే అని. అంటే ఊపిరి తీయడం. ముందు ‘ఆ’ చేరితే ఆశ్వాసం, ఆయాసపడేవాణ్ణి కుదుటపరచడం. ‘వి’ చేరితే విశ్వాసం, భయం లేకుండా నిండుగా ఊపిరి తీయగలగడం. మా చర్చిలో ప్రతి ఆదివారం విశ్వాసులారా అంటారు. నలభై నాలుగేళ్లొచ్చినా నాకిది తట్టలేదు. ఒట్టి శ్వస్ అని ఎవరూ మాట్లాడి ఉండరు, పండితులు మాటలను విప్పి ఏరిందే అది. మూలం తెలిస్తే అర్థం తెలిసినట్టేనా? నాకు అనుమానమే.

బొల్లారం కంపెనీలో రసాయనాల ట్యాంకు కడగడానికి ఒకరు దిగితే, ఆయన నడుముకు కట్టిన తాడు పట్టుకుని పైన మూత దగ్గర ఒకరు నిలబడాలి. పైవాడికి ఇంకే పనీ ఉండదు. ఆరేళ్లుగా యాదన్న దిగడం, మా తమ్ముడు స్టాన్లీ పట్టుకోవడం. లోపల మాస్కులోనే కూనిరాగం తీస్తడక్కా, రాగం ఆగితే తాడు గుంజుత, అని స్టాన్లీ నవ్వుతూ చెప్పేవాడు. మొన్న ఆసుపత్రి మంచం మీద యాదన్న కూడా, స్టాన్లీ ఊకె పోడు మేడం, ఏదో అయ్యుంటది, అన్నాడు. ఇంత అయినంక గూడ బుద్ధి రాదా నీకు, అని నువ్వు కసిరావు.

వచ్చే సోమవారం కంపెనీ విచారణలో యాదన్న చెప్పే మాట మీద స్టాన్లీ ఉద్యోగం ఉంది. ఇదంతా రాసి నీ మనసు కరిగించాలని చూస్తున్నానేమో, తెలియదు. అబద్ధం చెప్పమని మాత్రం అడగను.

నీకు మార్కులు తెప్పించి పాఠం చెప్పని
ఎల్సీ

తా.క. స్టాన్లీ చాయ్‌కి పోలేదు. ఆ రోజు పదకొండింటికి కంపెనీ గేటుకు ఫోను చేసింది నేను. మామూలుగా అడిగితే లోపలివాళ్లను పిలవరని, ఇంట్లో అర్జెంటు అన్నాను. వాడు ఉరికొచ్చాక నేను అడిగింది, స్కూటీ తాళం ఎక్కడ పెట్టావురా అని. తాళం నా సంచిలోనే ఉంది. తాడు ఇంకొకరి చేతికివ్వకుండా రావడం వాడి తప్పే. వాడు చాయ్ అని చెప్పింది మాత్రం నా పేరు రావద్దని. పది రోజులుగా నేనూ ఊరుకున్నాను. ఈ కాగితం యాదన్నకు చూపించు, విచారణలో ఇయ్యమను. సోమవారం పొద్దున పదింటి నుంచి ఆ గేటు బయటే ఉంటాను. నన్ను లోపలికి పిలిచేదాకా కదలను.