నొసటి గీత

అమ్మా,

నువ్వు పోయిన రోజని ఇవాళ ఉదయగిరిలో మన ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నాకు ఒక్క తుమ్ము కూడా రాలేదు. ఈ సంగతి చెప్పాల్సింది నీకే.

తుమ్ముల బాధ నీ నుంచే కదా నాకొచ్చింది. వేరుశనక్కాయల దుమ్ము లేచిందంటే మనిద్దరికీ మొదలయ్యేది. ప్రార్థన మధ్యలో తుమ్మకూడదని నువ్వు కళ్లు గట్టిగా మూసుకుని కనుబొమలు ముడిచేదానివి. నిన్ను చూసి నేనూ అదే నేర్చుకున్నాను. ఇద్దరికీ నొసట ఒకే చోట నిలువు గీత పడింది.

ఆత్మకూరులో సూదుల వైద్యం చేసే ఒకావిడ దగ్గరికి ఈ తుమ్ములకని కొన్నాళ్లుగా వెళుతున్నాను. నాడి పట్టుకుని, నాలుక చూసి, చేతులకూ ముక్కు పక్కనా సన్నటి సూదులు గుచ్చుతుంది. "ఆ గీత గూడా తగ్గిద్దాం, మొహం కళగా ఉంటాది" అంది. అందం ఎవరికి చేదు, సరేనన్నాను.

ఏటా కూడికకు కొండాపురం నుంచి పెద్దమ్మ వస్తుంది. వచ్చీ రాగానే నా నొసలు వేలితో తడిమి, "మా చెల్లెలు ఈడే ఉండాది" అంటుంది. ఇవాళా తడిమింది. కాసేపు వెతికినట్టు చూసి, "బాగుండావు మే, వయసు తగ్గినట్టుండాది" అని చెయ్యి తీసేసి, వెళ్లి నీ ఫొటో దగ్గర కూర్చుంది.

అందరూ వెళ్లిపోయారు. కనుబొమలు ముడవొద్దని సూదులావిడ మరీ మరీ చెప్పింది. అద్దం ముందు నిలబడి ముడుస్తూనే ఉన్నానమ్మా.